తాగినోళ్ళ లెక్క సరే, తాగబోసినోళ్ళ లెక్కేది?



కరోనా వచ్చిపోయి ఐదేండ్లు దాటింది. ముక్కుకు గుడ్డ కట్టుకునుడు మరిచిపోయినం. ఊరి దారులకు ముండ్లకంప అడ్డం ఏసిన సంగతి మరిచిపోయినం. కానీ ఒక్క మాటను మాత్రం ఊరు మరిచిపోలేదు. బాన్సువాడ చుట్టుపట్ల ఏ హోటల్ల చాయ తాగినా, ఏ రచ్చబండ కాడ నిలబడ్డా ఆ మాట ఇప్పటికీ వినబడుతనే ఉన్నది. "లాక్‌డౌన్ల దుకాణాలు బందైతే మాల మాదిగోళ్ళ చేతులు గజగజ వణికినయి. వాళ్ళ ఆడోళ్ళకు సుత ఫిట్సొచ్చినయి. తాగుడు వాళ్ళ రక్తంలనే ఉన్నది" అని.

ఈ మాటకు జవాబు చెప్పాలె. ఇది ఉత్త ఎకసక్కెం అనుకుంటే మనం మోసపోయినట్టే. కూలి పెంచుమంటే "పెంచితే తాగుతరు" అంటరు. పింఛను పెంచితే "తాగుబోతులకు పెట్టిన్రు" అంటరు. దళితబంధు పది లక్షలంటే "పది దినాలల్ల వైన్సుల పోస్తరు" అన్నరు. తాగుడు మన రక్తంలో ఉందని ఒకసారి ఊరు తీర్పు చెప్పినంక, ఇక మనకు భూమి ఎందుకు, కూలి ఎందుకు, చదువు ఎందుకు? అన్నిటికీ ఒకటే జవాబు దొరికిపోయింది వాళ్ళకు.

అందుకే ఆ నెలన్నర రోజుల లెక్క మళ్ళా తీస్తున్నాం. ఎవరు తాగిన్రు, ఎందుకు తాగిన్రు, ఎవరు పోసిన్రు, పైసలు ఎవరికి ముట్టినయి అన్న లెక్క మొత్తం తీద్దాం.

ఆ నెలన్నర

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. తెల్లారి నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. వైన్సులు, బార్లు, కల్లు దుకాణాలు ఒక్కపాలి మూతపడ్డాయి. పట్నం పోయిన కూలీలు నడిచి వస్తున్నారు. బీడీ కార్ఖానాలు మూసిన్రు. ఆకు లేదు, తంబాకు లేదు, బీడీలు చేసే ఆడవాళ్ళకు పని లేదు. ఏప్రిల్ మొదట్లో బాన్సువాడ పట్నంలనే కరోనా కేసులు బయటపడ్డాయి. గల్లీలకు కట్టెలు కట్టిన్రు.

వారం దినాలు తిరగకముందే హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందట జనం బారులు తీరిన్రు. నిద్ర లేదు. చేతులు వణుకుడు. ఒళ్ళంతా చెమటలు. లేనివి కండ్లకు కనబడుడు. ఫిట్సు. వచ్చిన వాళ్ళల్లో ఎక్కువమంది కల్లు తాగేవాళ్ళే అని డాక్టర్లు చెప్పారు. మన నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో కూడా ఇదే కథ. ఆసుపత్రికి పోదామంటే బస్సు లేదు. ఆటో తీస్తే పోలీసు లాఠీ.

ఇప్పుడు ఊరి పెద్దలను ఒక్క ప్రశ్న అడుగుతున్నాం. ఎర్రగడ్డలో నిలబడ్డది ఒక్క మాల మాదిగలేనా? కాపు లేడా, కోమటి లేడా, ఆఫీసుల పనిచేసే బాబు లేడా? కేంద్ర ప్రభుత్వం చేయించిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రాష్ట్రంలో లాక్‌డౌన్‌కు ముందే పూర్తయింది. పదిహేనేండ్లు పైబడిన మొగవాళ్ళల్లో నూటికి 43 మంది తెలంగాణలో తాగుతరని అది చెప్పింది. ఆడవాళ్ళల్లో నూటికి ఆరేడుగురు. దేశం మొత్తం మీద చూస్తే మొగవాళ్ళు నూటికి 19 మంది, ఆడవాళ్ళు ఒక్కరు. అంటే దేశం తాగేదానికి రెండింతలకు మించి మన రాష్ట్రం తాగుతున్నది. ఇది వాడ లెక్క కాదు, రాష్ట్రం లెక్క. రాష్ట్రం మొత్తం తాగుతుంటే తాగుబోతు అన్న పేరు మాత్రం వాడకే ఎట్ల వచ్చింది?

ఎట్ల వచ్చిందంటే, దొర ఇంట్ల నాలుగు గోడల మధ్య గ్లాసుల పోసుకుంటడు. అతనికి ఫ్రిజ్ ఉన్నది. లాక్‌డౌన్‌కు సరిపోయే సరుకు ముందే దాచుకునే పైస ఉన్నది. దుకాణం బందయినా బ్లాకుల రెండింతలు, మూడింతలు పెట్టి కొనే తాకతు ఉన్నది. ఏ దినం కూలి ఆ దినం తెచ్చుకునేటోనికి అదేదీ లేదు. అందుకే దొర చెయ్యి వణకలేదు, కూలోని చెయ్యి వణికింది. ఊరు చూసింది వణికిన చెయ్యినే.

వణికించింది సీసాల కలిపిన మందు

ఇంకో నిజం చెప్పాలె. తాటిచెట్టు నుంచో ఈతచెట్టు నుంచో పొద్దున దించిన కల్లు మానితే మామూలుగా ఇట్ల ఫిట్సు రావు. మరి ఎందుకు వచ్చినయి?

దుకాణంల అమ్మే సీసా కల్లులో చెట్టు కల్లు ఎంత? చెట్లు తగ్గినయి, తాగేవాళ్ళు పెరిగిన్రు. అయినా దుకాణంల కల్లు ఏ దినమూ తక్కువ పడదు. నీళ్ళల్ల చక్కెర, శాక్రిన్ కలిపి, నిషాకు క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, ఆల్ప్రాజోలం కలుపుతున్నరు. ఇవి మత్తు మందులు. డాక్టరు చీటీ లేనిదే మెడికల్ షాపుల అమ్మగూడదు. అవే మందులు రోజూ సీసాల పోసి మన అమ్మలకు, అయ్యలకు తాగబోస్తున్నరు. ఏండ్ల తరబడి తాగిన ఒంటికి ఒక్క దినం అది అందకపోతే నరాలు తిరగబడతాయి. అదీ ఆ వణుకు. దానికి కులం లేదు. ఏ కులపోనికి పోసినా గట్లనే వణుకుతడు.

ఇది కరోనాతో కొత్తగా బయటపడ్డది కూడా కాదు. 2015 సెప్టెంబరులో ఎక్సైజోళ్ళు కల్తీ కల్లు మీద దాడులు చేసి ఒక్కసారి బందు పెడితే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులు ఇట్లనే నిండినయి. మంచాలు చాలక నేల మీద పండబెట్టిన్రు. అప్పుడే తెలిసింది సర్కారుకు, సీసాలో ఏమున్నదో. తెలిసి ఐదేండ్లు ఏం చేసింది? 2020ల మళ్ళా అదే వణుకు. ఇంకో ఐదేండ్లకు, 2025 ఏప్రిల్‌లో, మన పక్కన బీర్కూర్, నస్రుల్లాబాద్ మండలాల్లో అంకోల్, దుర్కి, దామరంచ ఊర్లల్ల కల్లు తాగినోళ్ళు పదుల సంఖ్యలో పడిపోయిన్రు. మెడలు వంకర్లు పోయి, నాలుకలు మందమై, బాన్సువాడ ఆసుపత్రికి మోసుకొచ్చిన్రు. అదే ఏడు జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు ప్రాణాలే పోయినయి.

మందు తక్కువైతే ఫిట్సు, ఎక్కువైతే మెడ వంకర. రెండూ ఒకే సీసాలో ఉన్నాయి. మరి రక్తంలో ఉన్నది తాగుడా, కాంట్రాక్టరు కలిపిన విషమా?

ఇక్కడ ఒక మాట తేటగా చెప్పుకోవాలె. చెట్టెక్కే గౌడన్న మనకు శత్రువు కాడు. మోకు జారి కిందపడితే నడుం విరిగేది అతనిదే. అతని కష్టాన్ని అడ్డం పెట్టుకొని, డిపోలు గుత్తకు పట్టి, మందు కలిపి అమ్మేది వేరే. వాడు చెట్టెక్కడు, మాముల్లు ఎక్కడ ముట్టజెప్పాలో అది ఎరుక. మన కొట్లాట వానితోని.

మొగోడు తాగితే ముచ్చట, ఆడది తాగితే రచ్చ

వైన్సులు మళ్ళా తెరిచిన దినాల్లో పట్నాలల్ల క్యూలు కట్టిన్రు. ఆ క్యూలల్ల ఆడవాళ్ళూ ఉన్నరు. ఇగ చూడాలె సంబరం! ఫోటోలు దేశమంతా తిరిగినయి. పేరున్న సినిమా దర్శకుడు రాంగోపాల్ వర్మ, తాగుబోతు మొగవాళ్ళ నుంచి ఆడవాళ్ళను కాపాడాలనే మాట ఇక ఎందుకని ట్వీటులో ఎగతాళి చేసిండు. కిలోమీటరు పొడుగు నిలబడ్డ మొగోళ్ళను ఎవరూ తప్పు పట్టలేదు. పది మంది ఆడవాళ్ళు నిలబడితే లోకం మునిగిపోయింది.

మన వాడల ఆడవాళ్ళు తాగుతరు. దాచేది లేదు. ఎందుకు తాగుతరో కూడా దాచకుండా చెప్పుదాం.

నిజాంసాగర్ కాలువ కింద నాట్లు పడే దినాలు చూడండి. పొద్దుగాల చీకటితోని లేసి, ఇల్లు ఊడ్చి, వంట చేసి, బురదల దిగుతది. పొద్దు గూకేదాక నడుం వంచే ఉంటది. గుత్త పట్టిన నాటు కాబట్టి ఎంత ఉరికితే అంత కూలి. కాళ్ళకు ఒరుసుకపోయిన పుండ్లు, వేళ్ళ సందులల్ల పాసిన చర్మం. ఇంటికొస్తే మళ్ళా పొయ్యి. రాత్రి నడుం నొప్పికి నిద్ర పట్టాలంటే ఆమెకు దగ్గర్ల ఉన్నదేంది? డాక్టరా? నొప్పి గోలీయా? సీసా కల్లు ఒక్కటే. నాటు అయిపోయిన దినం ఆసామే కూలోళ్ళకు కల్లు తెప్పిస్తడు. కూలి యాభై రూపాయలు ఎక్కువ అడిగితే ఇయ్యడు, కల్లు మాత్రం అడగకముందే తెప్పిస్తడు. పసిపిల్ల ఏడుస్తే పొలం గట్టు మీద పండబెట్టడానికి గుక్కెడు కల్లు పోసే అలవాటు కూడా మన ఊర్లల్ల ఉన్నది. ఆ గుక్కెడుల డైజోఫాం ఉంటే ఆ పసిగుడ్డు ఏం గావాలె? ఆ తల్లిని తిట్టే ముందు, కూలి తల్లుల పిల్లలను పొద్దున నుంచి పొద్దుగూకేదాక చూసుకునే తావు ఒక్కటన్నా మన ఊర్లె ఉన్నదా అని అడుగుండి.

మొగవాళ్ళ తాగుడు వేరే తీరు. అది బజారుల, బెల్టు షాపుల, పది మందిలో. తాగితే మొగతనం. పని దొరకని దినం బాధకు తాగుడు, పని దొరికిన దినం సంతోషానికి తాగుడు. ఆడామె తాగేది ఒళ్ళు నొప్పికి. ఆడామె తాగి మొగన్ని కొట్టింది అరుదు. మొగడు తాగి ఆడామెను కొట్టింది ఇంటింటి కథ.

లాక్‌డౌన్ల ఈ తేడా ఇంకింత బయటపడ్డది. మొగోనికి సీసా దొరకక చిరాకు ఎక్కితే దెబ్బలు ఎవరికి? ఆమెకే. దుకాణం తెరిచినంక తాగొస్తే దెబ్బలు ఎవరికి? ఆమెకే. ఆ దినాల్లో దేశమంతట గృహహింస ఫిర్యాదులు పెరిగినయని జాతీయ మహిళా కమిషనే చెప్పింది. ఫిర్యాదు చేసినోళ్ళు కొందరే. ఫోను లేక, ఫోను మొగని చేతుల ఉండి, నోరు మూసుకున్నోళ్ళు ఎంతమందో.

కాబట్టి మన మొగవాళ్ళకు కూడా ఒక మాట. దొర మనల్ని తొక్కుతున్నడు నిజమే. కానీ దొర తొక్కిన కోపం ఇంటికొచ్చి పెండ్లాం మీద తీర్చుకునుడు ఉద్యమం కాదు. సంఘం మీటింగుకు తాగొచ్చి జై భీమ్ అనేటోన్ని మనం ఇకనుంచి కూర్చోబెట్టొద్దు. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడినప్పుడు, తాగొచ్చిన మొగుడికైనా కొడుక్కైనా అన్నం పెట్టొద్దని చెప్పిండు. ఆ మాట వాడల గోడల మీద రాసుకోవాలె.

వైన్సుకు తాళం తీసిన్రు, బడికి తియ్యలే

లాక్‌డౌన్ల సర్కారు తెల్లకార్డుకు 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్ళకు కేంద్రం నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసింది. మంచిదే. కానీ తరువాత ఏమైంది?

మే 5న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు లాక్‌డౌన్‌ను మే 29 దాకా పొడిగిస్తున్నామని చెప్పిండు. అదే నోటితోని తెల్లారి నుంచి వైన్సులు తెరుస్తమన్నడు. మే 6 పొద్దున పది గంటలకు తాళాలు తీసిన్రు. ధర 16 శాతం పెంచిన్రు. పేదోడు తాగే చీప్ లిక్కర్ మీద 11 శాతం. పక్కన ఆంధ్రాలో మే 4న తెరిచి, రెండు దినాలల్లనే మొత్తం 75 శాతం పెంచిన్రు. బస్సు లేదు, పని లేదు, కార్ఖానా లేదు, వైన్సు ఉన్నది. కుడిచేత్తో ఇచ్చిన పదిహేను వందలు ఎడమచేత్తో గుంజుకున్నరు.

ఇంకో లెక్క చూడండి. వైన్సు తెరిచింది 2020 మే 6న. సర్కారు బడి తెరిచింది 2021 ఫిబ్రవరి 1న, అదీ తొమ్మిదో తరగతి, ఆ పైన వాళ్ళకు. నడుమ తొమ్మిది నెలలు మన పిల్లలు హాస్టళ్ళు లేక, సెల్‌ఫోను పాఠాలు అందక పత్తి చేన్లకు పోయిన్రు. మళ్ళా 2021 మే 12న రెండో లాక్‌డౌన్ పెడితే పొద్దున ఆరు నుంచి పది దాకనే సడలింపు. ఆ నాలుగు గంటల్లో కూరగాయల దుకాణంతో పాటు వైన్సు కూడా తెరిచే ఉన్నది! సర్కారుకు ఏది నిత్యావసరమో మనకు అప్పుడు అర్థమైంది.

ఒక సంగతి మేము గట్టిగా చెప్పదలుచుకున్నాం. ఆ నెలన్నరల మొదటి పది దినాలు నరకం దాటినోళ్ళు చాలామంది మెల్లగ తేరుకున్నరు. నిద్ర పట్టింది. ఆకలి అయింది. వాళ్ళ ఒంట్ల నుంచి విషం దిగిపోయింది. ఆ దినం ఒక్క డాక్టరు, ఒక్క నర్సు వాడకు వచ్చి "ఇగ ముట్టుకోకు, ఈ గోలీలు వేసుకో, పది దినాలకు మళ్ళొస్త" అని చెప్పి ఉంటే ఎన్ని ఇండ్లు బాగుపడేవి? కరోనా పరీక్షకు ఇంటింటికీ తిరిగిన సర్కారు ఈ పని చెయ్యలేకనా? చెయ్యదు. తాగుడు మానినోడు సర్కారుకు దండుగ.

వేలంపాట, చాటింపు మన డప్పుతోనే

వైన్సు బాన్సువాడల ఉంటే పల్లెకు మందు ఎట్లొస్తుంది? బెల్టు షాపుతోని. బెల్టు షాపుకు లైసెన్సు లేదు. చట్టంల దానికి పేరే లేదు. కానీ ఊరూరా ఉన్నది. మన ఉమ్మడి నిజామాబాద్ జిల్లాల చానా ఊర్లల్ల దాన్ని ఎవరు నడుపాలో నిర్ణయించేది గ్రామాభివృద్ధి కమిటీ. వీడీసీ! పంచాయతీ కాదు, కోర్టు కాదు, ఎవరూ ఓట్లేసి ఎన్నుకున్నది కాదు. కానీ బెల్టు షాపు వేలం పాడేది అదే, కల్లు మీద పైసలు వసూలు చేసేది అదే, ఇసుక వేలం పాడేది అదే. మాట వినని కులాన్ని సాంఘిక బహిష్కరణ చేసేది కూడా అదే. చట్టం లేని దుకాణానికి చట్టం లేని కమిటీ వేలం!

వేలం పాడినోడు లక్షలు పెడతడు. ఆ లక్షలు ఎవని జేబుల నుంచి తీస్తడు? సీసా మీద రాసిన ధర కంటే పది, ఇరవై ఎక్కువకు అమ్మి తీస్తడు. వేలం పైసలతోని ఊరి గుడికి రంగులేస్తరు, పండుగలు చేస్తరు. ఏ గుడి గడప మనల్ని ఎక్కనియ్యలేదో ఆ గుడి గోడకు మన క్వార్టర్ సీసా పైసలతోని సున్నం!

ఇక ఆ వేలంపాటకు చాటింపు వేసేదెవరు? మన మాదిగ డప్పే. మన డప్పు మీద మన మెడకు ఉరి చాటింపు.

ఒక్క లెక్క కట్టి చూద్దాం. ఒక ఇంటి నుంచి దినానికి వంద రూపాయలు తాగుడుకు పోతే ఏడాదికి 36,500. అరవై ఇండ్ల వాడ అయితే 21 లక్షల 90 వేలు. 2021లో దళితబంధుకు ఎంచుకున్న నాలుగు మండలాల్లో మన పక్క నిజాంసాగర్ ఒకటి. ఇంటికి పది లక్షలు అన్నరు. ఎంతమందికి వచ్చిందో మనకు ఎరుకే. అదే పది లక్షలు రెండుసార్లు, ఇంకా పైన, ప్రతి ఏడూ అరవై ఇండ్ల వాడ నుంచి బయటికి పోతున్నది. మనకు ఇచ్చేటప్పుడు పేపర్ల ఫోటో, తీసుకునేటప్పుడు చప్పుడు లేదు.

తాగుడు మనకు ఎట్ల అంటగట్టబడిందో కూడా గుర్తు చేసుకోవాలె. చచ్చిన గొడ్డును లాగితే సీసా. చావుకు డప్పు కొడితే సీసా. కాష్టం పేరిస్తే సీసా. గ్రామదేవత పండుగల మొక్కులకు జోగినిని ఎగిరించి, ఆమెకూ సీసా. ఓట్లొస్తే సీసా. తరతరాల వెట్టికి కూలి పైసలల్ల కాదు, నిషాల కట్టిచ్చిన్రు. పైసలిస్తే పిల్లను బడికి పంపుతడు, గజం జాగ కొంటడు, ఎదురు నిలబడతడు. సీసా ఇస్తే మళ్ళా పొద్దున వాకిట్ల నిలబడతడు. దొరకు ఈ లెక్క ఎప్పుడో తెలుసు. తెలియనిది మనకే.

రిజర్వేషన్ ఇచ్చిన్రు, ఏంట్ల?

2021ల సర్కారు వైన్సు దుకాణాల లైసెన్సులల్ల గౌడులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ అన్నది. 2,620 దుకాణాల్లో మనకు 262. చప్పట్లు కొట్టాలట!

దరఖాస్తుకు రెండు లక్షలు. లాటరీల పేరు రాకపోతే ఆ రెండు లక్షలు తిరిగి రావు. కూలోడు ఎక్కడి నుంచి తెస్తడు? మన పేరు, మన కులం సర్టిఫికెట్ పెట్టి, వెనక పెట్టుబడి పెట్టేటోడు వేరే ఉంటడు. 2023ల ఆ దరఖాస్తులే లక్షా 32 వేల దాకా వచ్చినయి. ఒక్క చుక్క అమ్మకముందే దరఖాస్తుల మీదనే సర్కారుకు 2,639 కోట్లు వచ్చినయి. గవర్నమెంటు మారినా గుణం మారలే. 2025ల ఫీజు మూడు లక్షలు చేసిన్రు. భూముల రిజర్వేషన్ అడిగితే నోరు తెరువరు. ప్రైవేటు ఉద్యోగాలల్ల అడిగితే ప్రతిభ అంటరు. వైన్సుల మాత్రం అడగకముందే ఇచ్చిన్రు. మన వాడకు మన చేతులతోనే పోయించాలని!

నిషేధమా, విముక్తా?

"మరి మద్యనిషేధం పెట్టాలె అంటరా?" అని కొందరు అడుగుతరు. మన అనుభవం చూద్దాం.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రాత్రి బడిల అక్షరాలు నేర్చుకొని సారా దుకాణం మూయించిన్రు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు నుంచి సారా బందు. 1995 జనవరి నుంచి పూర్తి నిషేధం. రెండేండ్లు తిరిగినయో లేదో, ఖజానా ఖాళీ అయిందని 1997ల చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. ఆడవాళ్ళు కొట్లాడి తెచ్చుకున్నదాన్ని అసెంబ్లీల కూర్చొని మొగోళ్ళు తీసేసిన్రు.

లాక్‌డౌన్ కూడా నిషేధమే. ఏం జరిగింది? తండాలల్ల, గుట్టలల్ల గుడుంబా మళ్ళా కాగింది. 2020 జూలై ఆఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో వైన్సు బందుండి శానిటైజర్ తాగి పది మందికి పైగా చచ్చిపోయిన్రు. కేరళల డాక్టరు చీటీ మీద మందు ఇస్తమని ప్రభుత్వం ఉత్తర్వు తీస్తే హైకోర్టు ఆపింది. అంతా తాళం గురించే కొట్లాడిన్రు. వణికే మనిషికి వైద్యం గురించి ఎవరూ కొట్లాడలే.

బాబాసాహెబ్ ఈ రెంటినీ వేరు చేసి చూసిండు. ఆయన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ 1951 ఎన్నికల ప్రణాళికలో సర్కారు మద్యనిషేధాన్ని ఎత్తెయ్యాలని, ఆ రాబడి ప్రజలకు పెట్టాలని రాసింది. అదే బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో తన జనంతో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో, మత్తు ముట్టను అన్నది ఒకటి. ఇందులో తిరకాసు ఏమీ లేదు. పోలీసు లాఠీతోని మాన్పించే తాగుడు వేరు, ఆత్మగౌరవంతోని మానే తాగుడు వేరు. మన హైదరాబాదు భాగ్యరెడ్డి వర్మ కూడా నూరేండ్ల కిందనే ఆది హిందువుల బస్తీలల్ల తిరిగి జోగిని దురాచారం, తాగుడు రెండింటి మీదా ఒకేసారి కొట్లాడిండు. ఆ రెంటికీ వేరు ఒకటే అని ఆయనకు తెలుసు.

కాబట్టి మా మాట ఇది. తాగినోన్ని జైల్ల పెట్టే చట్టం మాకొద్దు. పోసేటోన్ని ఆపే చట్టం ఉన్నది, దాన్ని అమలు చెయ్యండి. మానాలనుకునేటోనికి వైద్యం కావాలె. మానినోనికి పని, కూలి, భూమి కావాలె.

ఏం చేద్దాం?

ఒకటి: గ్రామాభివృద్ధి కమిటీ బెల్టు షాపు వేలానికి డప్పు చాటింపు వెయ్యొద్దు. ఏ ఊరి డప్పూ లేవొద్దు. వేలంపాటకు వాడ నుంచి ఒక్క మనిషీ పోవద్దు. బహిష్కరణ పెడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెడదాం. 2016 నుంచి సవరించిన చట్టంల సాంఘిక బహిష్కరణ తేటగా నేరం.

రెండు: బెల్టు షాపు పోవాలని వాడ ఆడవాళ్ళు గ్రామసభల తీర్మానం పెట్టాలె. సంతకాలు తీసి ఎక్సైజు స్టేషన్ల, కలెక్టరేటుల ఇయ్యాలె. మొగవాళ్ళు వెనక నిలబడాలె, ముందట ఆడవాళ్ళే ఉండాలె.

మూడు: బాన్సువాడ సర్కారు ఆసుపత్రిల తాగుడు మాన్పించే వార్డు, మానసిక డాక్టరు కావాలె. కల్లు దుకాణాలల్ల నెల నెలా నమూనాలు తీసి, ఫలితం పంచాయతీ గోడకు అంటించాలె.

నాలుగు: కూలి పైసలల్లనే తీసుకుందాం. నాటుకైనా, చావు డప్పుకైనా కల్లు ఒద్దు, పైసలు కావాలె అని ఒకేమాట మీద ఉందాం. ఆడవాళ్ళ కూలి ఆడవాళ్ళ చేతికే.

ఐదు: ఏండ్లుగా తాగుతున్నోళ్ళు ఒక్కపాలి బందు చేయొద్దు. లాక్‌డౌన్ నేర్పిన పాఠం ఇది. వణుకు, ఫిట్సు ప్రాణం తీస్తయి. డాక్టరు గోలీలతోని పది దినాలు చూసుకుంటే ఒళ్ళు కుదురుతది. సర్కారు ఆసుపత్రికి తీసుకపోండి. 14446 నంబరుకు ఫోన్ చేస్తే పైసల్లేకుండ సలహా చెప్తరు. మానుతనన్న మనిషిని ఎక్కిరియ్యొద్దు, మళ్ళా జారితే తిట్టొద్దు. ఇంకోసారి తీసుకపోవాలె.

రేపు మళ్ళా ఏ రచ్చబండ కాడన్నా "వాళ్ళ రక్తంలనే ఉన్నది" అన్న మాట వినబడితే తలదించుకొని పోవద్దు. అక్కడనే నిలబడి అడుగుండి. సీసాల మందు ఎవడు కలిపిండు? దుకాణానికి వేలం ఎవడు పాడిండు? వైన్సు ముందు, బడి వెనక అని ఎవడు నిర్ణయించిండు? రెండు వేల ఆరు వందల కోట్లు ఎవని ఖజానాల పడ్డయి? జవాబు చెప్పినంక మన రక్తం సంగతి మాట్లాడుండి అనుండి.

వేలంపాటకు మన డప్పు మోగొద్దు. మోగితే మన సభకు మోగాలె.

జై భీమ్!